పదిహేడో నంబరు హాజరు

ఆ ఏడాది బడి ఫోన్లోకి మారాక, ఆ వీధిలో అసలు సంగతి ముందుగా కనిపెట్టింది ఇస్త్రీ ఆవిడే. పిల్లల యూనిఫాంలో చొక్కాలే వస్తున్నాయి, ప్యాంట్లు రావడం లేదు. కెమెరాకు నడుం కింద పనేముంది? చొక్కా మీద మాత్రం చిన్న ముడత కూడా ఉండకూడదట.

ఆమెకూ ఏడో తరగతి చదివే కూతురుంది. ఒట్టి వాగుడుకాయ. ఇరుగుపొరుగు 'రేడియో' అని పిలిచేవారు. ఇంటికంతా ఒకటే ఫోను. బట్టలు తీసుకెళ్లమని జనం చేసేది దానికే కాబట్టి అది మెట్ల కింద ఇస్త్రీ గదిలో ఉండాలి. రేడియో మాత్రం ఇంట్లో ఉండాలి, ఎందుకంటే రెండేళ్ల తమ్ముడు ఒకసారి కాలుతున్న ఇస్త్రీపెట్టెను ముద్దు పెట్టుకోబోయాడు. ఫోనూ పిల్లా ఒకచోట ఉండే దారే లేదు. ఈలోగా, వరసగా పది రోజులు పలకకపోతే పేరు కొట్టేస్తామని బడి నుంచి కబురొచ్చింది.

"పదిహేడు!" అంది టీచరమ్మ మర్నాడు ఫోన్లో.

"ప్రెజెంట్ టీచర్," అంది ఇస్త్రీ ఆవిడ, గొంతు కాస్త సన్నం చేసి. కెమెరా పాడైందని కూడా చెప్పింది. టీచరమ్మ వెంటనే పద్దెనిమిదిని పిలిచింది.

ఇక అదే రోజువారీ పని అయింది. పొద్దున చొక్కాలు రుద్దుతూ పాఠాలు వినడం, మధ్యాహ్నం ఇంటికెళ్లి కూతురికి అప్పజెప్పడం. మొదట్లో భిన్నాలు ఓ పట్టాన కొరుకుడు పడలేదు. చొక్కాను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచేసరికి నాలుగోవంతు చేతిలోకొచ్చింది. ఒకరోజు టీచరమ్మ అడగ్గానే ఠక్కున జవాబు చెప్పేసింది. ప్యాంట్లు లేని మొనగాళ్లంతా నోరు మెదపలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. "వెరీ గుడ్ పదిహేడు అందే!" అని గుమ్మంలోంచే కేకేసింది.

తమ్ముడి ముక్కు తుడుస్తున్న రేడియో తలెత్తలేదు. "నన్ను కాదుగా అమ్మా. నిన్ను."

ఆ తర్వాత రేడియో కట్టేసినట్టే అయింది. ఏమడిగినా తల ఊపేది. నీళ్లు కావాలంటే గ్లాసు చూపించేది. తల్లికి భయం పట్టుకుంది. భయం కొద్దీ ఇంకా బాగా చదివింది.

ఏడాదికి బడి తెరిచారు. కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టి, చిన్నాణ్ని చంకనేసుకుని ఆమె బయట కిటికీ దగ్గర నిలబడింది.

"పదహారు... పదిహేడు!"

రేడియో నోరు తెరిచింది. మాట రాలేదు. కిటికీ వైపు చూసింది.

"ప్రెజెంట్ టీచర్," అనేసింది తల్లి.

తరగతంతా ఘొల్లుమంది. టీచరమ్మ నవ్వలేదు. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. లేచి కిటికీ దగ్గరకొచ్చింది.

"భిన్నాలు చెప్పింది మీరా?"

"నేనేనండీ. తప్పే. దాని పేరు మాత్రం కొట్టెయ్యకండి." ఆమె చిన్నాణ్ని ఇంకో చంకకు మార్చుకుంది. "అది నాకంటే తెలివైందండీ. గలగలా మాట్లాడేది. దాని మాటలన్నీ నేనే వాడేసుకున్నానేమో."

టీచరమ్మ వెళ్లి రిజిస్టరు ముందు కూర్చుంది. "పదిహేడు," అంది మళ్లీ.

పిల్ల మళ్లీ కిటికీ వైపే చూసింది. అలవాటైన మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె అరచేత్తో గట్టిగా నోరు మూసుకుంది. చంకలో వాడు ఆ చెయ్యి పట్టుకుని లాగుతున్నా తియ్యలేదు.

టీచరమ్మ కలం పట్టుకుని అలాగే కూర్చుంది. పద్దెనిమిదికి వెళ్లలేదు.