ఊక పొయ్యి మీద మా వదిన రోస్టు

మా వదిన పోయిందని మంగళవారం పొద్దున్నే ఏలూరికి ఫోను వచ్చింది. "బాబాయ్, అమ్మ వెళ్ళిపోయిందండీ, నిద్రలోనే" అన్నాడు మా అన్నయ్య కొడుకు. తాడేపల్లిగూడెం బస్సెక్కి, దారిపొడుగునా ఊడ్పులవుతున్న చేలు చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ గురించి ఎవరెవరు ఏమేం మాట్లాడబోతారో నాకు అప్పటికే తెలుసు.

అనుకున్నట్టే జరిగింది. సంతాపం కరపత్రంలో "మృదుభాషిణి" అని వేశారు. మా వైపు మాట మెత్తగానే ఉంటుంది, నిజమే. మా వదిన మాత్రం 'అండీ' అంటూనే మనిషిని నిలువునా కోసేది. "దానశీలి" అని కూడా వేశారు. అది ఇంకా పెద్ద అబద్ధం. ఆవిడ ఎవరికీ దానం చేయలేదు. ఏం చేసిందో కళ్ళారా చూసినవాణ్ణి కనక రాస్తున్నాను.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించిన ఎండాకాలం అది. బడి సెలవులకు నేనూ వదినింట్లోనే ఉన్నాను. చెరువుల మీద కాపలా కాసి, మేత వేసి, వలలు లాగి బతికేవాళ్ళకు ఒక్కసారిగా పని పోయింది. ఆకివీడు అవతల నుంచి కొన్ని కుటుంబాలు తాడేపల్లిగూడెంలో మా పేటకు, చుట్టాల ఇళ్ళకు చేరాయి. ఊడ్పులు మొదలైతే కూలి దొరుకుతుంది. అప్పటిదాకా తిండెలా? చర్చిలో వాళ్ళ కోసం ప్రార్థన చేశారు. కొల్లేటి పక్షుల గురించి మేధావులు పేపర్లలో వ్యాసాలు రాశారు. నేను ఒక్కటీ వదలకుండా చదివాను. వాటిలో పక్షుల తిండి గురించి చాలా ఉంది.

మా వదిన ఒకటే అంది. "ఆళ్ళు ఊడుపులదాకా నిలబడాలి మరిదీ. ఆదివారం ఆదివారం నేను రోస్టు వండుతాను."

వాళ్ళమ్మ మిషను బంగళాలో దొరసానికి వంట చేసేది. అక్కడ పంది తొడను ముక్కలు కొట్టకుండా ఏకంగా కాల్చేవారట. మా వదిన ఆ వంటను మన పొయ్యికి తెచ్చుకుంది. కోడికన్నా, మేకకన్నా పంది చవక. తోలుతో సహా తొడంతా తీసుకుంటే ఇంకా చవక. తోలు మీద కత్తితో గాట్లు పెట్టి, ఉప్పు, మిరియాలు, దంచిన వెల్లుల్లి, వెనిగర్ బాగా రుద్ది శనివారమే నానబెట్టేది. ఆదివారం పొద్దున్నే ఊక పొయ్యి కూరేది. రేకు డబ్బా పొయ్యి మధ్యలో కర్ర నిలబెట్టి చుట్టూ మిల్లు ఊక దట్టించి, కర్ర లాగేస్తే ఆ బొక్కలోంచి సన్నటి సెగ గంటల తరబడి వస్తుంది. గిన్నె అడుగున ఉల్లిపాయలు, తొడ చుట్టూ చిలగడదుంపలు, మూత మీద నిప్పులు. ఆరాధన ముగిసేసరికి మాంసం ఎముకను వదిలేసేది. తోలు అప్పడమయ్యేది.

అంత గిన్నె ఇంట్లో ఎక్కడుంటుంది? చర్చి గుండిగ అడిగింది. కమిటీ సెక్రటరీగారు ఇంటికొచ్చారు. నేను అరుగు మీదే ఉన్నాను.

"గుండిగలు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేవి కదండీ అమ్మగారూ. వాటిలో పంది వండారని తెలిస్తే ఊళ్ళో ఎవరు ముట్టుకుంటారండీ?"

"నిజవేనండీ. మరి కిందటి క్రిస్మస్‌కి మీ ఇంటి నుంచి ఈ రోస్టుకనే దొడ్డిదారిన కారియరు పంపించారు గదండీ. ఆ కారియరు తోముకున్నారా, పారేశారాండీ?"

సెక్రటరీగారు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. చదువులూ ఉద్యోగాలూ వచ్చాక మావాళ్ళలో చాలామందికి పట్టిన జబ్బే ఇది. నలుగురిలో "మేం అవి తినమండీ" అంటారు. తలుపు వేసుకుని ఎముక చీకుతారు. మా వదిన మటుకు స్నానాలకు నీళ్ళు కాచే కాగు తోమించి, చర్చి ఆవరణలో పొయ్యెక్కించింది. "మరి వేణ్ణీళ్ళో?" అన్నాను. "ఈ ఎండల్లో వేణ్ణీళ్ళెవరికయ్యా? నీకు కావాలంటే ఏలూరెళ్ళి పోసుకో" అంది.

మొదటి ఆదివారం కొల్లేటివాళ్ళు రాలేదు. మా వదిన వెంట పిలవడానికి వెళితే ఒకావిడ గుమ్మంలోనే చెప్పేసింది. "మేం అడుక్కోడానికి రాలేదండీ. మా చుట్టాలింటికొచ్చాం."

"నిన్నెవరు అడుక్కోమన్నారమ్మా? వెల్లుల్లి ఒలిచేవాళ్ళు లేక నా గోళ్ళు మండిపోతున్నాయి. రా. ఒలిచినోళ్ళదీ, ఊక మోసినోళ్ళదీ, దుంపలు కడిగినోళ్ళదీ ఆ కూర. నా ఒక్కదాందే కాదు."

ఆవిడ వచ్చింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు.

వడ్డనకు ముందు మా వదిన ఒక పని చేసేది. మాంసం చీల్చి, ఇంటింటి డబ్బాలోనూ సోమ, మంగళవారాలకు సరిపడా ముందే సర్దేది. కారిన కొవ్వు సీసాల్లో పోసేది. ఎముకలు వంతులవారీగా ఇళ్ళకు వెళ్ళేవి. ఆ తరవాతే విస్తళ్ళు. నాకది తలకిందుల పద్ధతిలా కనబడింది.

"ముందు కడుపునిండా తిననివ్వండి వదినగారూ. మిగిలితే కదా పంచేది?"

"తిన్నాక మిగిలింది చేతిలో పెడితే ముష్టి మరిదీ. తినకముందు తీసిపెడితే వాటా. ఇన్ని పుస్తకాలు చదివావు, ఇది ఎందులోనూ లేదా?"

లేదు. ఆకలి మీద లావుపాటి పుస్తకాలు రాసినవాళ్ళెవరూ బుధవారం సంగతి రాయలేదు. ఆ డబ్బాలో మాంసం గోంగూరలో పడేది. బుధవారానికి ఎముకలు ఉలవలతో ఉడికి చారయ్యేవి. వారమంతా వంకాయలు ఆ కొవ్వులోనే వేగేవి, నూనె కొనే పని లేకుండా.

కొన్ని ఆదివారాలయ్యాక సెక్రటరీగారు ఆరాధనలోనే లేచి, వాసన వల్ల భక్తికి భంగం కలుగుతోందనీ, ఆవరణలో పొయ్యి పెట్టకూడదనీ ప్రకటించారు. మా వదిన లేచి బయటికి నడిచింది. కొల్లేటి ఆడవాళ్ళు మండుతున్న పొయ్యిని గోనెసంచులతో పట్టుకుని గేటు బయట రోడ్డు పక్కన దించారు. అంతకుముందు మా పేటకే తెలిసిన వంట ఆ రోజు నుంచి గూడెమంతటికీ తెలిసింది. గాలి కూడా అటునుంచి చర్చిలోకే. పాస్టరుగారు ప్రసంగం కుదించేశారు. తొలి నారు కట్ట పొలంలో పడేదాకా ఒక్క ఆదివారం కూడా ఆ పొయ్యి ఆరలేదు. కానీ గేటు లోపలికీ రాలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

అందుకే మొన్న ఆవిడ జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు ఏలూరు నుంచి కోడి బిర్యానీ తెప్పిస్తున్నారని విని నేను లేచాను. "ఆవిడ పేరుమీద పెట్టే భోజనంలో ఆవిడ వంట లేకపోతే నేను చెయ్యి కడగనండీ" అన్నాను.

"మాస్టారూ, పెద్దలు వస్తున్నారండీ. తమరికి తెలియనిదేముందండీ" అన్నారు ఇప్పటికీ ఆ పదవిలోనే ఉన్న సెక్రటరీగారు.

"పెద్దల సంగతి నాకు బాగా తెలుసండీ. అందుకే అంటున్నాను."

నా మాట చెల్లలేదు. చెల్లించినవాళ్ళు వేరే ఉన్నారు. కూడిక రోజు పొద్దున్నే కొల్లేటి ఆడవాళ్ళు బస్సు దిగారు. ఎవరూ పిలవలేదు. తొడ, రేకు పొయ్యి, ఊక బస్తా మోసుకుని తిన్నగా గేటు దాటి, చర్చి గోడ పక్కన పొయ్యి కూరడం మొదలుపెట్టారు. సెక్రటరీగారు పరుగున వచ్చారు. "ఇక్కడ కాదమ్మా, బయట, బయట!"

ఆ రోజు గుమ్మంలో నిలబడి రానన్న ఆవిడే తలెత్తింది. "ఆమె బయటే వండింది, చాలండీ. జరగండి సెక్రటరీగారూ, పొగ కళ్ళల్లో పడుద్ది."

ఆయన జరిగారు.

లోపల ప్రసంగాలు మొదలయ్యాయి. మా వదిన మృదుత్వం గురించి మైకులో చెబుతుండగా వాన దిగింది. నేను కిటికీలోంచి చూశాను. చేపల లారీ మీద కప్పే పరదా ఒకటి తెచ్చుకున్నారు వాళ్ళు. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని పొయ్యి మీద పరిచి నిలబడ్డారు. పరదా కింద సన్నగా పొగ. పట్టుకున్నవాళ్ళ తలల మీద, భుజాల మీద ధారగా వాన. ఒక్కరూ చూరు కిందికి జరగలేదు.