పార్కు కోసం వేసిన ముగ్గు

టెంట్ హౌస్ వాళ్లు అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. సిమెంటు నేల మీద అవి బాగానే ప్రవర్తిస్తాయి. మెత్తటి మట్టి మీద వేస్తే మాత్రం, కూర్చున్న మనిషి కాస్త ఆవేశపడగానే వెనక కాళ్లు రెండూ మెల్లగా విడిపోతాయి. మనిషి ఒక్కసారిగా పడడు. మాట్లాడుతూనే, వాక్యం మధ్యలో, గౌరవంగా కిందికి దిగుతాడు. మా కాలనీ సంఘం సమావేశాలన్నీ ఆ కుర్చీల మీదే జరిగాయి. పెద్దగా ఆవేశపడకుండా మాట్లాడటం మాకు అలా అబ్బింది.

మాది అనకాపల్లిలో అమ్మవారి గుడికి వెనకదారిలో ఉన్న చిన్న వీధి. వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉండేది. లేఅవుట్ వేసినవాళ్లు కాగితం మీద దాన్ని పార్కు అని రాసి, తమ బాధ్యత తీరిందనుకున్నారు. పార్కు అని రాసి ఉంది కనక అక్కడ ఎవరూ ఇల్లు కట్టలేదు. పార్కు లేదు కనక ఎవరూ నడవలేదు. తుప్పలు, పాత ఇళ్లు కొట్టేసిన ఇటుకలు, మూలగా ఒక వేపచెట్టు, అంతే. కొత్తమావాస్య జాతర నెలలో మాత్రం ఆ స్థలానికి పని దొరికేది. చుట్టుపక్కల ఊళ్లనుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఆ ఇటుకలే మూడేసి పేర్చి, పొయ్యి చేసి, వండుకునేవాళ్లు. వండినది అమ్మవారికి చూపించి, తాము తినేముందు వీధిలో ప్రతి ఇంటికీ ఒక గిన్నె పంపేవాళ్లు. పంపినవాళ్లెవరో మాకు తెలిసేది కాదు. గిన్నె వెనక్కి ఇచ్చేటప్పుడు ఉత్తది ఇవ్వకూడదని అందులో కాస్త పంచదారో, రెండు అరటిపళ్లో వేసి ఇచ్చేవాళ్లం. మా పరిచయం అంతవరకే.

వాళ్లు దిగేది మా పక్కింటి భాయ్ మేడమీద. భాయ్‌ది దూదిపరుపులు కుట్టే కుటుంబం. ఫోమ్ పరుపులు వచ్చాక మెయిన్ రోడ్డులో షాపు తీసేసి, మేడమీద రెండు గదులు రోజు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాడు. గదితోపాటు పరుపులు, జంపఖానా, పెద్ద గిన్నెలు, గరిటెలు కూడా ఇచ్చేవాడు. జాతరకి మొక్కుల వాళ్లు, మిగతా నెలల్లో ఆసుపత్రిలో ఎవరినో చేర్పించి బయట దిక్కులు చూసేవాళ్లు. ఆ ఇల్లు గడిచేది ముఖ్యంగా జాతర మీద. మొక్కు వంట కట్టెల పొయ్యి మీదే చెయ్యాలి, గదిలో అది కుదరదు. అంటే ఎదర ఆ ఖాళీ స్థలం ఉంటేనే భాయ్ గదులకు విలువ. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ఆలోచించలేదు.

గొడవ భాయ్ వల్ల రాలేదు. వీధి మొదట్లో కొత్తగా లేచిన మేడవల్ల వచ్చింది. దాని యజమాని విశాఖపట్నంలో ఉంటాడు. ఫోన్లో ఏదో యాప్ ద్వారా శనాదివారాలు అద్దెకిస్తాడు. వచ్చేవాళ్లు కుర్రాళ్లు, కార్లు, బీరువాలంత స్పీకర్లు. తెల్లారితే మా గోడల మీద ఖాళీ సీసాలు బుద్ధిగా వరస కట్టి ఉండేవి. ఒకడు మా గేటును తన గేటనుకుని, ఎంత కొట్టినా తియ్యలేదని, నాకు ఒక్క స్టారే ఇస్తానని బెదిరించాడు. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ని, అంతకంటే తక్కువ మార్కులు చూశాను.

సంఘం సమావేశమైంది. అధ్యక్షులు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. "రోజు అద్దెలు మొత్తం ఆగాలండీ," అన్నారు. "అలాగే స్థలాన్ని పార్కు చేసి గోడ కట్టించమని అడుగుదాం. రెండూ ఒకే అర్జీలో పెడితే ఒకే తిరుగుడు."

"భాయ్ గదులు వేరు కదండీ," అన్నాను.

"వేరే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒకడికో రూలు, ఇంకొకడికో రూలు అని రాసుకెళ్తే ఆఫీసులో నవ్వరూ?"

యజమాని అదే ఇంట్లో ఉండి అద్దెకిస్తే మినహాయించమని రాద్దామన్నాను. పార్కులో ఒక మూల వంటలకు వదలమని అడుగుదామన్నాను. ఎదురింటాయన నన్ను వరసకు బావా అంటాడు. "బావా, మెల్లిగా. కుర్చీ వింటంది," అన్నాడు. అందరూ నవ్వారు. నా ఆలోచన మంచిదన్నారు కూడా. మా వీధిలో మంచి ఆలోచన అంటే తర్వాత చూద్దామని అర్థం.

ఆ సమావేశానికి కుర్చీలు చాలనివాళ్ల కోసం జంపఖానా తెచ్చి పరిచింది భాయే. చివర నిలబడి అంతా విన్నాడు. "నా గురించి ఆపకండి సార్. అందరితోపాటే నేనూ," అన్నాడు. మర్యాదకు అన్నమాట. మేము దాన్ని సమ్మతి కింద తీసుకున్నాం. మాకూ మర్యాద తెలుసు.

అర్జీ వెళ్లింది. కొన్నాళ్లకు ప్లానింగ్ చూసే అమ్మాయి ఒకరు వచ్చారు. చిన్న వయసు, పెద్ద ఓపిక. కాగితం మీద ప్లాను ఎవరికీ సరిగా అర్థం కాదనీ, ఏది ఎక్కడ రావాలనుకుంటున్నారో నేలమీద గుర్తులు పెడితే ఆదివారం వచ్చి చూస్తాననీ చెప్పి వెళ్లారు.

గుర్తులంటే మా ఆడవాళ్లకు తోచింది ముగ్గు. శనివారం సాయంత్రం తుప్పలు కొట్టించి, నీళ్లు చల్లి, మేకుకు తాడు కట్టి వలయాలు తిప్పి, పార్కు మొత్తాన్ని అసలు కొలతల్లో ముగ్గుతో గీశారు. నడకదారి రెండు గీతలు. బెంచీలు పొడుగు గడులు. పిల్లల ఉయ్యాలకు చుక్కలు. అధ్యక్షులు కోరిన యోగా అరుగుకు పెద్ద చతురస్రం. ఉత్త గడి బోసిగా ఉందని ఎవరో అందులో పద్మం వేశారు. చుట్టూ పసుపు, కుంకుమ కూడా పడ్డాయి. వేపచెట్టు మూల మా ఆవిడ ఎవరినీ అడక్కుండా మూడు చిన్న గడులు గీసింది, పొయ్యిలకి. అధ్యక్షులు చూశారు. అక్కడే నిలబడి నాతో చాలాసేపు వాకింగ్ గురించి మాట్లాడారు. ఆయన వెళ్లాక చూస్తే గడులు రెండే ఉన్నాయి. మూడోది ఆయన చెప్పుల కింద చెదిరిపోయింది. కావాలని చేశారని చెప్పలేను.

ఆదివారం జాతర ఆదివారం. ఆ సంగతి ప్లానింగ్ అమ్మాయికి గుర్తులేదు, మేము గుర్తు చెయ్యలేదు. మునగపాక నుంచి ఏటా భాయ్ ఇంటికి వచ్చే రైతు కుటుంబం పొద్దున్నే ఆటోల్లో దిగింది. వాళ్లలో పెద్దావిడ స్థలం వైపు చూసి ఆగిపోయిందట. అమ్మవారి వంటకు చోటు అలికి, ముగ్గేసి, ఆ ముగ్గు మీద పొయ్యి పెట్టడం వాళ్ల పద్ధతి. తమకోసం ఈ ఏడు వీధివాళ్లే ఆ పని చేసిపెట్టారని అనుకుంది. ముగ్గుల్లోకెల్లా అందమైనదాన్ని ఎంచుకుని, పద్మం నడుమ ఇటుకలు పెట్టించి, నిప్పు వేసింది.

మేము అధ్యక్షులతో, ప్లానింగ్ అమ్మాయితో కలిసి వెళ్లేసరికి యోగా అరుగు మీద కోడికూర ఉడుకుతోంది.

"అమ్మా, ఇది యోగాకి అనుకున్న చోటు," అన్నారు అధ్యక్షులు.

"సేసుకోండి బాబూ, ఎవులొద్దన్నారు? ఈ పక్కన బోల్డు జాగా ఉంది," అంది పెద్దావిడ. "పొయ్యి మాత్రం కదపను. అమ్మోరి పేర ఎలిగించినాక వంటయ్యేదాకా కదపకూడదు."

అధ్యక్షులు నావైపు చూశారు. నేను కూరవైపు చూశాను.

"ఇన్నేళ్లనుంచి వత్తన్నాం," అందావిడ, అందరినీ కలిపి. "ఈ ఏడే మాకోసం ముగ్గులేసేరు. మా కోడలు ఎప్పుడూ పట్నపోళ్లకి మర్యాద తెలీదంటాది. సూడే, ఇదేటి మరి అని అడిగేను."

ఆ కోడలు గరిట పట్టుకుని సిగ్గుపడింది. ఆ ముగ్గు మీకోసం కాదని ఆ ముసలావిడకు చెప్పగల మగాడు మా సంఘంలో లేడు. ఆడవాళ్లు అసలే చెప్పరు. మా ఆవిడ వెళ్లి మంట సరిచేసి కూర్చుంది.

అలా పొయ్యి చుట్టూ తిరుగుతూ తనిఖీ జరిగింది. చివర్లో అందరికీ విస్తరాకులు వేశారు. తినకుండా వెళ్తే అమ్మవారికి తప్పు. ఫిర్యాదు చేసినవాళ్లమంతా ఫిర్యాదులోని విషయాన్నే రెండోసారి వడ్డించుకున్నాం. ప్లానింగ్ అమ్మాయి తింటూనే అడిగారు: "ఆ వేపచెట్టు దగ్గర వంటలకు ఒక షెడ్డు, ఒక కుళాయి పెట్టొచ్చండీ. గేటు వేరేగా ఇవ్వొచ్చు. సంఘం ఒప్పుకుంటున్నట్టు రాసిస్తే ప్లానులో చేరుస్తాను."

అందరం విస్తళ్లలోకి చూసుకున్నాం. "సమావేశంలో చర్చిస్తాం," అన్నారు అధ్యక్షులు.

భాయ్ గిన్నెలు కడిగించుకుంటూ ఆ మాట విన్నాడు. చాలా ఏళ్ల తర్వాత అతను పెద్దగా నవ్వడం ఆ రోజు చూశాను.

సమావేశంలో చర్చించాం. పొగ గురించి చర్చించాం. ఎముకలు, కుక్కల గురించి చర్చించాం. నేను మాట్లాడాను. నెలరోజుల పొగ కోసం ఒక కుటుంబం బతుకు ఆపుతామా అని అడిగాను. బాగా మాట్లాడానని తర్వాత ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని చెప్పారు. చేతులెత్తమన్నప్పుడు ఆ చేతులు వాళ్ల ఒళ్లోనే ఉన్నాయి. అధ్యక్షులు చెడ్డమనిషి కాదు. వాళ్లావిడకు ఉబ్బసం, జాతర నెలంతా కిటికీలు మూసుకుని ఉంటుంది. ఆ విషయం ఆయన సమావేశంలో ఎత్తలేదు. ఇంటి విషయం నలుగురిలో ఎందుకని. నాకు విడిగా చెప్పారు. విన్నాక రెండోసారి అడగడం నాకు బాగా అనిపించలేదు.

పార్కు వచ్చింది. బాగుంది. గోడ, గేటు, రాళ్లు పరిచిన దారి, పొద్దున సాయంత్రం తెరిచే వేళలు రాసిన బోర్డు. రోజు అద్దెల సంగతికొస్తే, పూర్తిగా ఆపడం కుదరదనీ, ఇచ్చేవాళ్లు లైసెన్సు తీసుకోవాలనీ తేలింది. దానికి కార్లు నిలిపే చోటు, వెడల్పాటి మెట్లు, మంటలార్పే సిలిండర్లు, కెమెరాలు ఉండాలి. వీధి మొదటి మేడకు అవన్నీ ఉన్నాయి. లేనివి వారంలో వచ్చాయి. లైసెన్సు ఫ్రేము కట్టి గుమ్మంలో తగిలించారు. ఇప్పుడు శనివారం రాత్రి మాకు నిద్ర పట్టకపోవడం చట్టబద్ధం.

భాయ్ మెట్లు బయటివైపు ఇనపమెట్లు. పరుపు పైకెక్కించాలంటే తాడు కట్టి లాగాల్సిందే. అతను లైసెన్సు అడగనే లేదు. స్టూలు వేసుకుని తన బోర్డు తనే దించుకున్నాడు. నెల అద్దెకు ఆ గదులు ఎవరూ తీసుకోలేదు. వాటికి వంటిల్లు లేదు.

తర్వాతి జాతరకు మునగపాక వాళ్లు వచ్చారు. గేటుకు తాళం ఉంది. పెద్దావిడ ఆటో దిగలేదు. భాయ్ వాళ్లను గుడికి అవతల ఎవరిదో దొడ్లోకి తీసుకెళ్లి, గిన్నెలు అందించి వచ్చాడు. అద్దె తీసుకోలేదని విన్నాను. ఆ మధ్యాహ్నం మా వీధిలో ఏ గుమ్మంలోకీ గిన్నె రాలేదు. మా ఆవిడ అరటిపళ్లు తెచ్చి ఉంచింది. మర్నాడు వాటిని పిల్లలకు పెట్టేసింది.

వర్షాలు మొదలయ్యాక భాయ్ ఇల్లు అమ్మేశాడు. నర్సీపట్నంలో బావమరిది షాపులో కూర్చుంటాడట. సామాను ఎక్కించే రోజు వీధిలో మగాళ్లందరం సాయానికి వెళ్లాం. అధ్యక్షులు కూడా వచ్చి, ఆ వయసులో, ఒక పరుపు కొస పట్టుకున్నారు. ఎదురింటాయన టీ తెప్పించాడు. దూదిపరుపు ఎంత బరువో అప్పుడే తెలిసింది. అందరూ భాయ్‌తో ఈ మాటే అంటున్నారు, ఇంకే మాట అనాలో తోచక. భాయ్ మాత్రం, "మీకు శ్రమ సార్, మీకు శ్రమ," అంటూ తిరిగాడు.

వాళ్లావిడను వీధంతా పిన్నీ అని పిలుస్తాం. ఖాళీ అయిన గుమ్మంలో, తాళంకప్ప చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని దగ్గరికి వెళ్లాను.

"నేను సమావేశంలో చాలా చెప్పి చూశాను పిన్నీ."

"తెలుసు మాస్టారూ," అంది. వ్యాను దగ్గర గుమిగూడిన మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. "మీరు మంచోరే. ఈ వీధంతా మంచోరే. ఒక్క సెడ్డోడున్నా మా తరఫున దెబ్బలాడేవోడు."