ఆకుపచ్చగా మారిన ఎర్ర బటన్

రెండువేల దశకం మధ్యలో తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేసేవాణ్ణి. పేజీలో కనిపించే ప్రతి బటన్‌కూ, ప్రతి పెట్టెకూ కోడ్‌లో ఒక పేరు పెట్టాలి. దాని రంగూ సైజూ ఆ పేరు కిందే రాసుకుంటాం. నేను కంటికి కనిపించిందే పేరుగా పెట్టేసేవాణ్ణి: ఎర్ర బటన్, ఎడమ పెట్టె.

బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి చేసిన వెబ్‌సైటు పూర్తయ్యాక, బటన్లకు ఎరుపు వద్దు, ఆకుపచ్చ కావాలన్నారు యజమాని. రంగు మార్చాను, పేరు మార్చలేదు. నెల తర్వాత కోడ్ సర్దుతూ, ఇప్పుడు ఎర్ర బటన్ ఎక్కడుందిలే అని ఆ పేరు కింద రాసిందంతా తీసేశాను. సైట్లో ఆ పేరే పెట్టిన బటన్లన్నీ రంగూ రూపూ పోయి బోడిగా మిగిలాయి. తిట్లు తిన్నాను.

ఆ ఆదివారం ఊళ్లో నాయన మండీకి పంపే మామిడి గంపలకు చీటీలు కడుతున్నాడు. ఏ తోట, ఏ రకం, ఎన్నో కోత: ప్రతి చీటీ మీదా అదే వరస. నా గొడవంతా విని, "చీటీ మీద కాయ రంగు రాస్తామా సూడప్పా? మండీకి పోయేతలికి అది పసుపు తిరిగిపోతాది. తోట పేరు మారతాదా?" అన్నాడు.

కంప్యూటర్ ముట్టని మనిషికి ఏం తెలుసని విసుక్కున్నాను. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి కోడ్‌లో పేర్లన్నీ మార్చాను: ముందు పేజీలో ఏ భాగం, తర్వాత అందులో ఏ వస్తువు, చివర అది ఏ రకం.

"బాగుందే, ఎవరు నేర్పించారు?" అని మా టీం లీడర్ అడిగాడు.

"నెట్‌లో చదివినాను సార్" అన్నాను.