దీపం లేని ఊరు

మొన్న మా మనవరాలు భూగోళం పాఠం గట్టిగా చదువుతోంది. దేశంలో జనం అంతటా ఒక్క తీరుగా ఉండరట. నీళ్లూ పనులూ ఉన్నచోట కిక్కిరిసి, లేనిచోట పలచగా ఉంటారట. పటంలో జనం ఉన్నచోట ఎరుపు, లేనిచోట తెలుపు. మూడో తరగతిలోనే బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం గనుక పటాల సంగతి నాకు తెలియదు. కానీ ఆ తెలుపులో ఒక చుక్క నా చేతిదే.

మా పెద్దమ్మ ఊరు మా బిజినేపల్లికి రెండు కోసుల దూరం, నాలుగు మైళ్ల నడక. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఒక్కో ఇల్లే బొంబాయి బండెక్కింది. ఆమె ఇద్దరు కొడుకులూ అదే బండెక్కారు. అక్కడ ఒక్క గదిలో పద్నాలుగు మంది, వంతుల మీద పడుకుంటామని కబురు పంపారు. ఇక్కడ పద్నాలుగు ఇళ్లకు పెద్దమ్మ ఒక్కతే. "నా కాళ్లు ఓ ఇంట్ల, తల ఓ ఇంట్ల వెట్టి పండుకోవచ్చురా" అని నవ్వేది. రోజూ పొద్దున్నే అన్ని వాకిళ్లూ ఊడ్చేది, వచ్చినవాళ్లు ఎవరిల్లు వారు గుర్తుపట్టాలని.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జనాభా లెక్కలొచ్చాయి. మనుషులు లేని ఊరిని సర్కారు కాగితాల్లో బేచిరాగ్ అనేవారు, అంటే దీపం లేని ఊరు. ఆ మాట రాశారంటే ఊరు పోయినట్టే, భూములమీద ఎవరి కన్నైనా పడొచ్చు. పెద్దమ్మ బెంగంతా అదే. సరిగ్గా ఆ వారమే ఆమెకు చలిజ్వరం తగిలితే, బండి కట్టి మా ఇంటికి తెచ్చాను.

లెక్కల గుమాస్తా మా అరుగు మీద కూర్చుని మా ఇంటి మనుషులను రాసుకున్నాడు. పెద్దమ్మ దుప్పటి కప్పుకునే చేతులు జోడించింది. "సాబ్, నన్ను మా ఊర్ల రాయుండ్రి. ఊరే లేదంటే నా కొడుకులు యాడికి మర్లొస్తరు?"

"ఎక్కడుంటే అక్కడే రాయాలమ్మా."

"అయితే రేపటిదాంక ఆగుండ్రి. నేను పోయి దీపం వెడ్త."

గుమాస్తా గొణుక్కున్నాడు, రేపు అటే పోయి చూస్తే పోయేదేముందని. అప్పుడు నా నాలుక దురద పెట్టింది. "రెండు కోసులు నడిచి ఏం రాస్తరు సాబ్? గాడున్నయి రెండు కుక్కలు. గవి గూడ నిన్ననే బొంబయి బండెక్కినయి!"

అరుగు మీదున్న వాళ్లంతా గొల్లున నవ్వారు. గుమాస్తా నవ్వుతూనే, అక్కడికక్కడే బేచిరాగ్ అన్న ఆ ఒక్క మాట రాసేశాడు. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు. మేము బువ్వ తింటుండగా ఎవరికీ చెప్పకుండా నడిచి వెళ్లిపోయింది. అలిగింది, తనే వస్తుందిలే అనుకున్నాను.

మూడో రోజు వెళ్లాను. పద్నాలుగు గడపల మీదా మట్టి ప్రమిదలు, అన్నీ ఆరిపోయి ఉన్నాయి. చివరి గడప దగ్గర నూనె గిన్నె చేత్తో పట్టుకుని ఒరిగిపోయి ఉంది పెద్దమ్మ. ఒళ్లు చల్లబడి ఎంతసేపయిందో. గుమాస్తా అటు రానే లేదు. కొడుకులు నెల తరవాత వచ్చి, తలుపులు కూడా వేయకుండా తిరిగి బొంబాయి పోయారు.

మనవరాలు పేజీ తిప్పేసింది. ఆ తరవాత ఎన్ని లెక్కలొచ్చి పోయాయో, నా వయసుకు ఎన్నేళ్లు కలిశాయో గాని, మేమంతా నవ్విన ఆ మధ్యాహ్నం మాత్రం నాకింకా సాయంత్రం కాలేదు.