కోల్మన్ టూహీ రోజుల లెక్క

కోల్మన్ టూహీ ముప్పైఆరేళ్ళు రాస్‌కామన్ జిల్లాలో పశువుల తనిఖీ అధికారిగా పనిచేశాడు. ఏ దూడ చెవికి బిళ్ళ లేదు, ఏ ఆవు ఏ రైతు పుస్తకంలో రెండుసార్లు ఎక్కింది, ఇలాంటివి పట్టుకోవడంలో తనంత మొనగాడు ఐర్లాండ్ మొత్తంలో లేడని ఆయనే చెప్పుకునేవాడు. మరొకళ్ళు చెప్పగా ఆయన భార్య డింఫ్నా ఎన్నడూ వినలేదు. రిటైరయ్యాక ఎండ కోసమని ఇద్దరూ స్పెయిన్ దక్షిణ తీరాన ఉన్న నెర్హాకి వచ్చి, సముద్రం కనిపించీ కనిపించని ఓ రెండో అంతస్తులో కాపురం పెట్టారు.

పోనీ, వచ్చినవాడు హాయిగా ఎండలో కూర్చున్నాడా? అంత అదృష్టం కూడానా! ఐర్లాండ్‌లో రెండేళ్ళు కలిపి రెండువందల ఎనభై రోజులుంటే, మళ్ళీ అక్కడి నివాసి కింద జమకట్టి పన్ను వేస్తారని ఎక్కడో చదివాడు. ఆ రోజు నుంచి ఆయనకి తిండీ నిద్రా అదే అయిపోయింది. వంటింటి తలుపుకి ఓ క్యాలెండర్ తగిలించి, ఐర్లాండ్‌లో గడిపిన ప్రతి రోజునీ ఎర్ర పెన్నుతో కొట్టేవాడు. విమానం దిగిన రోజు ఒకటి, ఎక్కిన రోజు ఒకటి. డింఫ్నా రోజులకి నీలం పెన్ను. ఆవిడ అడిగిందా అంటే, లేదు.

"చెవికి ఓ పసుప్పచ్చ బిళ్ళ కూడా తగిలించుకో కోల్మన్. అధికారులకి వెతుక్కునే పని తప్పుతుంది," అందావిడ ఒకసారి.

"నవ్వు, బాగా నవ్వు. రేపు నోటీసు వచ్చాక చూస్తా నీ నవ్వు," అన్నాడు.

ఇంతటి లెక్కల మనిషికీ చావుల దగ్గర మాత్రం చెయ్యి ఆగేది కాదు. వాళ్ళ వైపు పెళ్ళికి వెళ్ళకపోయినా క్షమిస్తారు గానీ చావుకి వెళ్ళకపోతే క్షమించరు. పొద్దున్నే టీ కంటే ముందు ఫోనులో ఆ జిల్లా మరణవార్తలు చదివేవాడు. ముప్పైఏళ్ళ కిందట ఓ కోడెదూడ గురించి తనతో గొంతు చించుకుని పోట్లాడిన రైతు పోయినా సరే, టిక్కెట్టు కొనేవాడు. అభిమానమా, నా మొహమా! చర్చి మెట్ల మీద నిలబడి, "పాపం, స్పెయిన్ నుంచి పనిగట్టుకుని వచ్చాడు చూడు" అనిపించుకోవాలి, అదీ సంగతి. ఆ ఏడాది అలా పదకొండు చావులకి హాజరయ్యాడు. పైగా ఏ ఎండ కోసం వచ్చాడో ఆ ఎండకి తాళలేక, వేసవి మూడు నెలలూ పోయి తమ్ముడింట్లో మకాం వేశాడు. అక్టోబరు ఆఖరుకి ఎర్ర గీతలు రెండేళ్ళవీ కలిపి రెండువందల డెబ్బైతొమ్మిదికి వచ్చాయి.

నవంబరు రెండో వారంలో ఆ తమ్ముడు పోయాడు.

జార్లత్ పెళ్ళి చేసుకోలేదు. తల్లిదండ్రులు వదిలిన ఇరవై ఎకరాలూ, తొమ్మిది ఆవులూ, అతనూ. ఏటా వేసవిలో అన్నావదినలు వస్తే తన మంచం వాళ్ళకిచ్చి, తను వంటింట్లో బల్ల మీద పడుకునేవాడు. వద్దంటే వినేవాడు కాదు. పొద్దున్నే పాలు తీయడానికి వెళ్ళి కొట్టంలోనే కూలిపోయాడని పక్క పొలం మలాకీ ఫోన్ చేసి చెప్పాడు. డింఫ్నా ఏడుస్తూనే అటక మీంచి సూట్‌కేసు దించింది.

"రెండు టిక్కెట్లు చూడు," అంది.

కోల్మన్ క్యాలెండర్ ముందు నిలబడి ఉన్నాడు. "ఒకటే చూడాలి," అన్నాడు.

"అంటే?"

"రోజుల్లేవు డింఫ్నా."

"ఎవరికి లేవు? జార్లత్‌కా?"

డింఫ్నా ఆయన చేతికి ఫోనిచ్చి, మలగాలో వాళ్ళ పన్నుల కాగితాలు చూసే ఫీనీ గారికి దగ్గరుండి ఫోన్ చేయించింది. ఫీనీ గారూ ఐరిష్ ఆవిడే. చావు మాట వినగానే గొంతు మెత్తబడింది.

"టూహీ గారూ, మీది సర్కారు పెన్షన్. మీరు నెర్హాలో ఉన్నా నడిసముద్రంలో ఉన్నా దాని మీద పన్ను ఐర్లాండే పట్టుకుంటుందని మొదటి రోజే చెప్పాను కదండీ. తేడా వస్తే గిస్తే మీ బ్యాంకు వడ్డీ మీద ఏదో కాస్త వస్తుంది. వెళ్ళండి. మీ తమ్ముణ్ణి సాగనంపి రండి."

"కాస్తా కూస్తా అని కాదండీ," అన్నాడు కోల్మన్. "రెండేళ్ళుగా ఒక్క పొరపాటు లేకుండా తెచ్చాను. ఇప్పుడు చెడగొట్టుకోమంటారా?"

డింఫ్నాకి కడుపు మండిపోయింది. పన్నుకి భయపడ్డాడనుకుంది ఇన్నాళ్ళూ. పన్నూ లేదు, పాడూ లేదు. ఆ మహానుభావుడికి కావలసింది తన ఎర్ర గీతలు హద్దు దాటకపోవడం, అంతే.

"చర్చిలో కెమెరా ఉందిగా," అన్నాడాయన. "ఇక్కణ్ణుంచే ఫోనులో చూస్తాను. ఈ రోజుల్లో అందరూ చేస్తున్నదే."

"పదకొండు మంది పరాయివాళ్ళ చావులకి నువ్వెళ్ళి చేతులు కలిపావు. తోడబుట్టినవాడికి కెమెరానా? నీకు సిగ్గనేది ఉందా అసలు?"

"అరవకు, పక్కింటివాళ్ళు వింటారు. ఎవరన్నా అడిగితే నడుం పట్టేసింది, డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు అని చెప్పు."

ఆ మాటకి బదులివ్వడం కూడా దండగనిపించి, డింఫ్నా ఒక్కతే బయల్దేరింది. అయినా ముప్పైతొమ్మిదేళ్ళ కాపురం ఊరికే పోదు. విమానంలో ఆ అబద్ధాన్నే మనసులో వల్లె వేసుకుంది. నడుం ఎడమ వైపు పట్టేసింది. లేచి నిలబడలేకపోతున్నాడు. రాలేకపోయానని ఒకటే ఏడుపు.

జార్లత్‌ని సొంత ఇంట్లోనే, కిటికీ పక్కన పెట్టెలో పడుకోబెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంటింట్లో టీ కాచి బ్రెడ్డు ముక్కలు కోస్తున్నారు. పెట్టె పక్కన సొంతమనుషులు కూర్చునే కుర్చీలు ఆరు వేశారు. వాటిలో డింఫ్నా ఒక్కతే కూర్చుంది. ఊరు ఊరంతా వరసగా వచ్చింది. ఒక్కొక్కరూ చెయ్యి పట్టుకుని, "నీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది డింఫ్నా," అని ముందుకి కదిలారు. ప్రతి చేతికీ ఆవిడ నాలుక మీద నడుం నొప్పి సిద్ధంగా ఉంది. ఒక్కరూ అడగలేదు. మొదట హమ్మయ్య అనుకుంది. సగం వరస గడిచేసరికి మొహం మండసాగింది. వాళ్ళు మర్యాదకి ఊరుకోవడం లేదనీ, కోల్మన్ ఊసే వాళ్ళకి అక్కర్లేదనీ తెలిసిపోయింది.

మర్నాడు చర్చిలో పూజ అయ్యాక పెట్టె ఎత్తడానికి ఆరుగురిని పిలిచారు. అయిదుగురు లేచారు. ముందు కుడివైపు అన్న నిలబడవలసిన చోటు. మలాకీ ఆ చోటు వైపు చూసి, వెనక బల్లల్లో ఎవరినో పిలవబోయాడు. డింఫ్నా చేతిసంచీ బల్ల మీద పెట్టి, వెళ్ళి అక్కడ నిలబడింది.

"నీవల్ల కాదు తల్లీ," అన్నాడు మలాకీ మెల్లగా.

"పట్టు."

అతను వెనక్కి తిరిగి, "అందరూ కాస్త వంగండిరా, ఆవిడ ఎత్తుకి," అన్నాడు. అరవైఎనిమిదేళ్ళ ఆడమనిషి భుజాన్ని ఆ బరువు కోసేసింది. గుమ్మం పైన కెమెరా ఉందని ఆవిడకి తెలుసు. తలెత్తి చూడలేదు.

సాయంత్రం టీ వేళకి కోల్మన్ ఫోన్ చేశాడు.

"అంతా శుభ్రంగా కనిపించింది. ఫాదర్ మాటలే కాస్త గరగరలాడాయి. నువ్వెందుకు మోశావు పెట్టె? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

డింఫ్నా కప్పులో టీ పోసుకుంది.

"గురువారం విమానానికేగా రావడం?"

"కాదు. నెలనాటి పూజ అయ్యేదాకా ఉంటాను. ఆవులున్నాయి ఇక్కడ."

"నెలా? నీ రోజులు దాటిపోతాయి! నీకు లెక్క తెలుసా అసలు?"

"దాటనీ."

కోల్మన్ గొంతు తగ్గించి అడిగాడు. "నడుం సంగతి చెప్పావా? నమ్మారా?"

"చెప్పలేదు."

"చెప్పలేదా! మరి నేను ఎందుకు రాలేదని అడిగితే ఏమన్నావు?"

"ఎవరూ అడగలేదు."

"మలాకీ అడిగే ఉంటాడు."

"అడగలేదు."

"ఇంతమందిలో ఒక్కడూ అడగలేదా?"

"ఒక్కరూ అడగలేదు కోల్మన్," అంది డింఫ్నా. "జార్లత్‌కి ఓ అన్న ఉన్నాడన్న సంగతే ఇక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు."