ప్రభువుది ఏ ఊరు?

తల్లి గర్భంలోనే నన్ను ఎరిగిన దేవునికి స్తోత్రం.

కూలర్ తడిగడ్డి వాసన తగిలితే, తొంభైలలో ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని మా ఇంట్లో జరిగిన ఒక ప్రార్థన కూడిక గుర్తొస్తుంది. యేసు ప్రభువుది తాను పుట్టిన బేత్లెహేమని నాన్న, పెరిగిన నజరేతని బాబాయి పట్టుబట్టారు. స్కూల్లో నేను మద్రాసీని, చుట్టాలుండే తెనాలిలో ఢిల్లీ పిల్లని. ఆయన ఊరు తేలితే నాదీ తేలుతుందని ఆశగా విన్నాను.

అమ్మ టీ ఇస్తూ, "మత్తయి తొమ్మిది తీయండి. తన పట్టణమని రాసింది కపెర్నహూమునే. అక్కడ ఆయన పుట్టనూ లేదు, పెరగనూ లేదు. వెళ్లి కాపురమున్నాడంతే," అంది.

"అక్కడ పేతురు ఇంట్లో వాళ్ల అత్తగారుంది కదొదినా, భోజనానికి లోటుండదు," అని బాబాయి నవ్వాడు.

మర్నాడు స్కూల్లో ఎక్కడిదానివని అడిగితే, "యహీఁ కీ," ఇక్కడిదాన్నే అన్నాను.

ప్రభువు ఊరితో నా ఊరు తేలదని ఇప్పుడు తెలుసు. అయినా ఆ ధైర్యం ఆయనిచ్చిందే. ఊరి పేరు అడిగితే తలదించుకునే పిల్లల కోసం నాతో కలిసి ప్రార్థించండి.