శ్రీరామతో పాసైన ప్రోగ్రాం, సంతకం పెట్టని అప్పలరాజు

నిన్న పొద్దున పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో, రెండు గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య, "అప్పలరాజు ఇక లేరు" అని వచ్చింది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. గులాబీలూ అలాగే ఉన్నాయి, ఆ మాటా అలాగే ఉంది.

మొన్న ఆదివారమే ఫోన్లో మాట్లాడాడు. నా మోకాళ్ళ సంగతి అడిగి, జవాబు పూర్తిగా విన్నాడు. అలా వినేవాళ్ళు ఈ రోజుల్లో డాక్టర్లలో కూడా లేరు.

హార్ట్ అటాక్ అట. కాఫీ తాగుతూ.

నాకు ఏడవడం సరిగా రాదు. రాయడం వచ్చు. అందుకే ఈ పోస్ట్.

మా పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఎనభైల్లో మేమిద్దరం పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసేవాళ్ళం. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి ప్రోగ్రాములు రాసేదాన్ని. జాలరిపేట నుంచి వచ్చిన అప్పలరాజు వాటిని టెస్ట్ చేసేవాడు.

ఉద్యోగం టెంపరరీ. నోరు పర్మనెంట్.

ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఖనిజం ఏ రేటుకి పోతోంది, ఇవన్నీ టెలెక్స్‌లో బొంబాయి ఆఫీసుకి వెళ్ళేవి. మా వాళ్ళకంటే ముందే పోటీ కంపెనీ చదివేస్తోందని అనుమానం. అందుకని మెసేజ్ పైవాళ్ళకి అర్థం కాకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ పెట్టమన్నారు.

అమెరికా వాళ్ళు పుస్తకంలో అచ్చేసిన పద్ధతి. మెసేజ్‌ని ఎనిమిదేసి అక్షరాల ముక్కలు చేయాలి. దానికి తాళంచెవిలాంటి కీ కూడా ఎనిమిది అక్షరాలు. ఏ ముక్క ఎలా మారాలో చెప్పడానికి లోపల అంకెల టేబుళ్ళు. ప్రోగ్రాం నేను రాశాను, టేబుళ్ళు పంచ్ సెక్షన్ వాళ్ళు కార్డుల మీద కొట్టారు.

ఇక టెస్టింగ్.

శ్రీరామ అని రాయనిదే ఏ కాగితమూ మొదలుపెట్టని జనం మనం. టెస్ట్ మెసేజ్ కూడా అదే. ఇంగ్లీషులో శ్రీ, ఒక ఖాళీ, రామ అని కొడితే సరిగ్గా ఎనిమిది అక్షరాలు. కీకి సింహాద్రి. అదీ ఎనిమిదే. సెక్షన్‌లో ఎవరు కూర్చున్నా అవే కొట్టేవారు. ఆ రెండింటికీ రావలసిన జవాబు నేను చేత్తో లెక్క కట్టి చూశాను. మెషీన్ కూడా అదే చెప్పింది.

మేనేజర్‌గారు మెషీన్ ముందు కొబ్బరికాయ కొట్టించారు.

బొంబాయి వాళ్ళు డెమోకి వస్తున్నారు. టెస్ట్ రిపోర్టు మీద అప్పలరాజు సంతకం ఒక్కటే మిగిలింది. అది పెడితే పర్మనెంట్ చేయిస్తానని మేనేజర్‌గారి మాట. పర్మనెంట్ అయితేనే పిల్లనిస్తామని గాజువాకలో సత్యవతి వాళ్ళ నాన్న మాట.

అప్పలరాజు పెట్టలేదు.

"ఏంటండీ రాజుగారూ, రాముడి మీద నమ్మకం లేదాండీ?" అన్నారు మేనేజర్‌గారు. గోదావరి మనిషి. కోపం వచ్చినా అండీలు తగ్గవు.

"రాముడి మీద శానా ఉంది సార్. కార్డులు కొట్టింది రాముడు కాదు గదా."

నాకూ ఒళ్ళు మండింది. "నేను చేత్తో కట్టి చూశానయ్యా," అన్నాను.

"మీరు కట్టింది ఒక మెసేజే మేడం. అది టేబుల్లో కొన్ని గళ్ళే తొక్కుద్ది. రోజూ ఒక సందులోనే నడిసి, ఊరంతా సూసేసినానంటే ఎలాగ?"

అతను చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాను. అది నాకు తరచుగా జరిగే విషయం కాదు.

గ్రాఫ్ పేపర్ మీద టేబుళ్ళన్నీ గీశాడు. మెసేజ్‌లు కొత్తవి పెట్టాడు: ముందు అన్నీ సున్నాలు, తర్వాత అన్నీ ఒకట్లు, తర్వాత ఒక్క బిట్, అంటే ఒక్క అంకె, మాత్రమే మార్చినవి. ఒక్కో మెసేజ్ ఏయే గళ్ళు తొక్కుతుందో చూసి టిక్కు పెట్టేవాడు. టిక్కు పడని గడి కనిపిస్తే, దాన్ని తొక్కే మెసేజ్ కోసం వెతికేవాడు. అర్థమున్న మాటలు వద్దన్నాడు. మనిషికి నచ్చిన మాటలన్నీ ఒక దారినే పోతాయట.

జవాబు మెషీన్‌ని అడగకూడదు. పుస్తకం చూసి చేత్తోనే కట్టాలి. అతనొక మూల, నేనొక మూల, ఒకరి కాగితం ఒకరు చూడకుండా.

డెమో ముందు రోజు మధ్యాహ్నం మా ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. మెషీన్‌కి వేరే జవాబు.

వెతికితే, ఒక టేబుల్లో పక్కపక్క అంకెలు రెండు తారుమారై ఉన్నాయి. మా శ్రీరాముడు ఆ దారిన ఎప్పుడూ వెళ్ళలేదు. మా మెసేజ్ మేమే విప్పుకుంటే బాగానే వచ్చేది, విప్పేదీ ఆ తప్పు టేబులే కాబట్టి. బొంబాయి వాళ్ళు తమ టేబుళ్ళు విడిగా కొట్టుకున్నారు. అక్కడ మా రేట్లలో కొన్ని చెత్తగా తేలేవి.

కార్డు మార్చడం చిన్న పని. కానీ మార్చాక టెస్టులన్నీ మళ్ళీ మొదటినుంచీ చేయాలన్నాడు. డెమో వాయిదా పడింది. అప్పటికే వచ్చేసిన బొంబాయి పెద్దలు ముఖాలు ముడుచుకుని వెళ్ళిపోయారు.

తర్వాత ప్రోగ్రాం ఏళ్ళ తరబడి బ్రహ్మాండంగా నడిచింది. డెమో చెడగొట్టాడన్న కోపంతో అప్పలరాజు టెంపరరీ పోస్టును మాత్రం పొడిగించలేదు.

సత్యవతి నాన్నగారు ఆఫీసు గేటు దగ్గరకొచ్చి అడిగారు. "ఒక్క సంతకం ఎడితే నీ సొమ్మేటి పోద్ది బాబూ?"

రాజు ఆయన్ని బస్సెక్కించి వచ్చాడు.

ఆయన ఇంటికెళ్ళి సంబంధం వద్దన్నారు. అప్పుడు సత్యవతి అన్నదట: "ఉజ్జోగం పోతాదన్నా తప్పు కాయితం మీద సంతకం ఎట్టనేదు. ఆ మడిసి పెల్లి కాయితం మీద ఎడితే నమ్మొచ్చు నాన్నా."

పెళ్ళయింది. ఆ తర్వాత స్టీలు ప్లాంటు వైపు ఉద్యోగం దొరికింది. అక్కడే రిటైరయ్యాడు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. సత్యవతి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అంది.

"అప్పుడు సంతకం ఎట్టెయ్యాల్సిందేటో అని మొన్నటిదాకా అనీవోరు మేడం."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ అనలేదు.

రాజూ, నువ్వు చేసింది సరైన పని. ఆఫీసు నీకది ఎప్పుడూ రాసివ్వలేదు. నేను రాస్తున్నాను, ఈ పోస్ట్ మీద నా పేరు కూడా ఉంటుంది.

ఇక అనుమానం పెట్టుకోకు. నిమ్మళంగా పడుకో.